మంచం కొనే ముందు గదికి ముగ్గు వేసి చూడండి



ఈసారి మిర్చి ధర గురించి కాదు, మందుల గురించీ కాదు. మంచం గురించి. నవ్వకండి. కాయలు యార్డుకి తోలి చేతిలో నాలుగు రూపాయలు కనపడ్డాక మన ఊళ్లలో అయ్యే ఖర్చుల్లో ఇదొకటి. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు కొంటారు. పిల్లకి సారె పెట్టాలని కొంటారు. పాత నులక మంచం తెగిపోయి, అల్లే మనిషి దొరక్క కొంటారు. ఎద్దుని కొనాలంటే పళ్లు చూస్తాం, సుడులు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. అదే మంచం అయితే చాలామంది షాపులో లైట్ల కింద మెరిసేదాన్ని వేలు పెట్టి చూపించి "అది ఆటోలో వెయ్యండి" అంటారు. ఆటోలో ఎక్కుతుంది సరే. గదిలో పడుతుందా?

ముందు గది సంగతి మాట్లాడుకుందాం. "మాది పదికి పది గది" అంటారు. మేస్త్రి ప్లానులో పదికి పది అంటే చాలాసార్లు గోడ మధ్య నుంచి గోడ మధ్యకి. తొమ్మిదంగుళాల గోడ అయితే లోపల మిగిలేది 9 అడుగుల 3 అంగుళాలు. ప్లాస్టరింగు ఇంకో అంగుళం తింటుంది. కాబట్టి నోటి లెక్క నమ్మొద్దు, టేపు పట్టండి.

ఇప్పుడు షాపువాళ్లు ఆరడుగుల మంచం అనే దాన్ని ఆ గదిలో పెట్టి చూద్దాం. ఆరు, ఆరున్నర అనేది పరుపు కొలత. చుట్టూ పట్టెలు, తలవైపు బోర్డు కలిస్తే మంచం 6 అడుగుల 4 అంగుళాలు, పొడవు దాదాపు 7 అడుగులు అవుతుంది. గోడకి ఆనించి వేస్తే అవతల మిగిలేది 34 అంగుళాలు. అక్కడ బీరువా పెట్టారనుకోండి, దాని లోతు 19 అంగుళాలు. మిగిలింది 15. మూడడుగుల బీరువాకి ఒక్కో తలుపు 18 అంగుళాలు. అంటే బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోదు! పాస్‌పుస్తకం తియ్యాలంటే మంచం ఎక్కి మోకాళ్ల మీద కూర్చోవాలి. ఇది ఎవరో చెప్పింది కాదు, మా బంధువుల ఇంట్లో నేను కళ్లారా చూశాను. అదే గదిలో ఐదడుగుల మంచం వేస్తే బీరువా ముందు 27 అంగుళాలు మిగులుతాయి. తలుపు తెరుచుకుంటుంది, మనిషి నిలబడతాడు, చీర మడత పెట్టుకుంటుంది ఆడమనిషి. ఒక్క అడుగు తేడా అంతే.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద కట్టే ఇంటికి కనీస వైశాల్యం వంటచోటుతో కలిపి 25 చదరపు మీటర్లు, అంటే 269 చదరపు అడుగులు. ఆరడుగుల మంచం ఒక్కటే 44 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. ఇంట్లో ఆరో వంతు! అంత ఇంట్లో అది మంచం కాదు, ఇంకో గోడ.

టేపు లెక్కలు కొందరికి తలకెక్కవు. అలాంటివాళ్లకి నేను చెప్పేది ముగ్గు. కొనబోయే మంచం పొడవు, వెడల్పు అడిగి తెలుసుకుని, గదిలో నేల మీద అంత మేరా ముగ్గుపిండితో గీత గియ్యండి. బీరువా, కుట్టుమిషను ఉండే చోటు కూడా గియ్యండి. ఒక పూట ఆ గీతలు తొక్కకుండా ఇంట్లోవాళ్లంతా తిరగాలి. తలుపు తెరవండి, కిటికీ వెయ్యండి, చీపురు పట్టుకుని ఊడ్చండి. ఎవరి కాలు గీత మీద పడుతుందో సాయంత్రానికి తెలిసిపోతుంది. పైసా ఖర్చు లేదు. దిగే పక్క కనీసం రెండడుగుల దారి ఉండాలి, లేకపోతే చీకట్లో కాలివేళ్లు కోడుకి తగులుతూనే ఉంటాయి.

తల ఎటు పెట్టి పడుకోవాలన్నది కూడా ఆ ముగ్గు దగ్గరే తేల్చుకోండి. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లు ఉంటారు, లేనివాళ్లు ఉంటారు, నాకు ఎవరితోనూ పేచీ లేదు. కానీ మంచం వచ్చి బిగించాక పెద్దాయన "ఉత్తరం వైపు తల ఏందిరా" అంటే అప్పుడు మంచం తిప్పాలి, బీరువా జరపాలి, స్విచ్చి బోర్డు మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పడుకున్నచోటి నుంచి చేతికి లైటు స్విచ్చి అందాలి. మన దగ్గర రాత్రి మూడింటికి మోటారు కరెంటు వస్తే లేచి పోయేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇక గదికంటే ముఖ్యమైంది మనిషి. మా అమ్మకి డెబ్బై దాటాయి. ముప్పై నలభై ఏళ్లు మిరప కోతల్లో, నాట్లలో వంగిన మనిషి. రెండు మోకాళ్లూ అరిగాయని డాక్టరు చెప్పారు. ఆమె పడుకునేది మా తాత కాలం నాటి నులక మంచం. నులక మంచాన్ని నేను తక్కువ చెయ్యను. తేలిక, గాలి ఆడుతుంది, ఎండలో నిలబెడితే నల్లులు పోతాయి, వేసవిలో వాకిట్లో దాన్ని మించింది లేదు. కానీ అది మధ్యలోకి కుంగుతుంది. పైగా ఆ మంచం ఎత్తు అడుగుకి కొంచెం ఎక్కువ. కుంగిన చోటు నుంచి, అంత కింద నుంచి, అరిగిన మోకాళ్లతో లేవడమంటే బావిలోంచి చేంతాడు లాగినట్టే.

పోయిన ఎండాకాలం అమ్మ సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు ముట్టడం మానేసింది. ఎందుకమ్మా అంటే ముందు చెప్పలేదు. మా ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. "నీళ్లు తాగితే రాత్రి లేవాలి. నేను లేవాలంటే మిమ్మల్ని లేపాలి. పగలంతా చేలో చచ్చి వస్తారు, మిమ్మల్నేం లేపనే" అంది. పల్నాడు ఎండల్లో ముసలి మనిషి నీళ్లు తాగకుండా రాత్రంతా పడుకుంటోంది, మంచం ఎత్తు చాలక. మందుబిళ్లలు మారిస్తే తీరేది కాదు కదా ఇది.

అప్పుడు మేం చేసింది చెబుతాను, మీ ఇంట్లో పెద్దవాళ్లకి పనికొస్తుంది. చేతులు లేని బల్ల ఒకటి గోడ దగ్గర వేశాం. దానిమీద అమ్మని కూర్చోబెట్టి, లేవమన్నాం. లేవలేకపోయింది. ఒక చెక్క వేశాం, మళ్లీ లేవమన్నాం. ఇంకో చెక్క. అట్టా పెంచుకుంటూ పోతే ఒకచోట, ఎవరి చెయ్యీ పట్టకుండా లేచి నిలబడింది. నేల నుంచి కొలిస్తే 18 అంగుళాలు. ఇంకా పెంచితే పాదాలు నేలకి ఆనడం లేదు, మునివేళ్లు మాత్రమే తగులుతున్నాయి. అది కూడా ప్రమాదమే, దిగేటప్పుడు జారతారు. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలమీద పూర్తిగా ఆనాలి, తుంటి మోకాలి కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. మీ అమ్మగారు పొట్టి అయితే 16 అంగుళాలకే చాలొచ్చు.

ఆ 18 పరుపుతో కలిపి. ఇక్కడే చాలామంది పొరపడతారు. షాపులో ఉత్త మంచం ఎత్తు చూసి బాగుందనుకుంటారు, దానిమీద ఆరంగుళాలో ఎనిమిదంగుళాలో పరుపు పడేసరికి మంచె ఎక్కినట్టు అవుతుంది. అమ్మకి వేసింది నాలుగంగుళాల కొబ్బరిపీచు పరుపు. కాబట్టి చెక్క దాకా 14 అంగుళాలు పెట్టమన్నాం. వెడల్పు మూడున్నర అడుగులు. మూడడుగులైతే పక్కకి దొర్లేటప్పుడు భయం, నాలుగైతే చిన్నగది చాలదు. తలవైపు ఒక పక్కన పట్టుకుని లేవడానికి చేతికర్ర లావున ఒక నిలువు గుంజ బిగించమన్నాను. ఆచారి గారు "ఇది ఆసుపత్రి మంచమా బాబాయ్" అని నవ్వారు కానీ బాగా బిగించారు, నున్నగా చిత్రిక పట్టారు.

ఇప్పుడు అమ్మ మంచం పక్కన స్టూలు మీద నీళ్ల చెంబు పెట్టుకుని పడుకుంటోంది.

చెక్క విషయానికి వద్దాం. మనం చెట్లున్నవాళ్లం, మన దగ్గరే ముడిసరుకు పెట్టుకుని ఊరవతల రేకుల షెడ్డులో దొరికే పొట్టుచెక్క మంచాలు కొనడం నాకైతే బాధగా ఉంటుంది. రంపపు పొట్టు, జిగురు కలిపి నొక్కిన పలకల మంచం పైకి అద్దంలా ఉంటుంది. ఒకసారి బిగిస్తే బిగించినచోటే ఉండాలి. ఇల్లు మారి విప్పి మళ్లీ బిగిస్తే మేకు కన్నాలు వదులైపోతాయి. వానాకాలం నేల కడిగిన నీళ్లు కోళ్లకి తగిలితే ఉబ్బిపోతుంది. ఊళ్లో ఇంటికి అది పనికిరాదని నా అభిప్రాయం. పట్నంలో మూడేళ్లు ఉండి వదిలేసేవాళ్లు కొంటే కొనుక్కోనివ్వండి.

టేకు మంచిదే, అందరికీ తెలుసు. కానీ టేకు అంటే చేవ. గట్టు మీద వేసిన పదిహేనేళ్ల చెట్టులో చేవ కొంచెమే, చుట్టూ తెల్ల చెక్కే ఎక్కువ. ఆ తెల్ల చెక్కని పుచ్చుపురుగు వదలదు. షాపులో "టేకండీ" అంటే పైన పాలిష్ చూడొద్దు. వంగి కింద చూడండి, తలవైపు బోర్డు వెనక చూడండి. అక్కడ పాలిష్ వెయ్యరు. తెల్లటి చారలు, సన్నటి పిండి రాలే కన్నాలు కనపడితే లేచి వచ్చెయ్యండి.

మన పేదవాడి టేకు వేప. చెద తొందరగా పట్టదు, పురుగు తక్కువ. దాని చెడ్డగుణం ఒకటే, పచ్చిగా ఉన్నప్పుడు పని చేయిస్తే పగులుతుంది, మెలి తిరుగుతుంది. కోయించిన పలకల్ని నీడలో, ఒకదానిమీద ఒకటి కాకుండా మధ్యలో కర్రముక్కలు పెట్టి, గాలి ఆడేట్టు పేర్చాలి. అంగుళం మందానికి ఒక ఏడాది అని పెద్ద వడ్రంగులు చెప్పే లెక్క. కనీసం ఒక ఎండాకాలం దాటనివ్వండి. పెళ్లి ముహూర్తం పెట్టుకుని చెట్టు కొట్టేవాళ్లకి వేప పనికిరాదు. అమావాస్య వెళ్లాక కొట్టాలా ముందు కొట్టాలా అని మా ఊళ్లో ఇప్పటికీ వాదన నడుస్తూ ఉంటుంది, నాకు మాత్రం ఎండడం మీదే నమ్మకం. పూర్వం మొద్దుల్ని కొన్ని నెలలు చెరువులో నానబెట్టేవాళ్లు, గుర్తుందా? దానికి కారణం ఉంది. చెక్కలో ఉండే పిండి పదార్థం నీళ్లలోకి పోతుంది, పురుగుకి తిండి ఉండదు. ఆ తర్వాత బాగా ఆరబెట్టాలి.

నల్లతుమ్మ గట్టి చెక్క, బండి పనికి వాడినదే. కోళ్లకి బ్రహ్మాండం, కానీ మంచం మొత్తం తుమ్మతో చేయిస్తే జరపడానికి నలుగురు కావాలి. మామిడి చెక్క చవక, పురుగుకి మహా ఇష్టం. జామాయిల్ కోసి ఆరబెడుతుంటేనే పగుళ్లిచ్చి వంకర్లు పోతుంది, దాన్ని పేపరు మిల్లుకే వదిలెయ్యండి.

ఎంత చెక్క కావాలో లెక్క చెబుతాను, సామిల్లు దగ్గర ఉపయోగపడుతుంది. ఐదడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు మంచానికి మూడంగుళాల చదరం కోళ్లు నాలుగు, ఆరంగుళాల వెడల్పు ఒకటిన్నర అంగుళం మందం పట్టెలు నాలుగు, మూడంగుళాల అడ్డపట్టీలు పదమూడు, మధ్యలో ఒక దూలం, తలవైపు సాదా బోర్డు. అన్నీ కలిపితే నాలుగున్నర ఘనపుటడుగులు వస్తుంది. చిత్రికకి, ముక్కలకి తరుగు కలిపితే ఐదున్నర, ఆరు. పందిరి, నగిషీలు అంటే ఇంకా పెరుగుతుంది. మొద్దు లెక్క మీకు తెలిసిందే. చుట్టుకొలతలో నాలుగో వంతుని దాంతోనే గుణించి పొడవుతో గుణించాలి. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 8 అడుగులు ఉన్న మొద్దు 8 అడుగులు తూగుతుంది. కోత పోను ఒక మంచానికి దాదాపు సరిపోతుంది. చెట్టు మీ పొలంలోదే అయినా కొట్టే ముందు, తోలే ముందు అనుమతి ఏం కావాలో కనుక్కోండి. వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. టేకు అయితే అటవీశాఖ వాళ్లు దారిలో ఆపి కాగితం అడుగుతారు.

ఐదడుగులు, అంతకు మించి వెడల్పు ఉంటే మధ్య దూలం, దాని కింద ఒక కాలు ఉండి తీరాలి. అది లేకపోతే రెండేళ్లలో మంచం మధ్యలోకి దిగుతుంది, ఇద్దరూ గుంటలోకి జారతారు. పట్టెలు కోళ్లలోకి బోల్టులతో బిగించేట్టు చేయించండి, జిగురు పోసి మేకులు కొట్టేస్తే రేపు గుమ్మం దాటదు. ఇనుప మంచం కొనేవాళ్లు రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడండి, కిర్రుమంటే వద్దు. కోళ్ల కింద రబ్బరు బూట్లు వేయించండి, లేకపోతే నేల కడిగిన చోటల్లా తుప్పు మరక.

ఈమధ్య అందరూ బాక్సు మంచం అడుగుతున్నారు. కింద అరలు ఉంటాయి, పరుపు ఎత్తితే సామాను పడుతుంది. చోటు కలిసొస్తుందన్నది నిజమే. కానీ పట్నం అపార్టుమెంటు నాలుగో అంతస్తు వేరు, చేను పక్కన ఇల్లు వేరు. ఆ పెట్టె అడుగుకీ నేలకీ మధ్య అంగుళం సందు ఉంటుంది, చీపురు దూరదు. ఎలుక దూరుతుంది. ఎలుక వెనక ఏం వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. నాకు కోళ్ల మీద నిలబడ్డ మంచమే ఇష్టం. వంగి టార్చి వేస్తే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కనపడాలి. పట్టె అడుగు నుంచి నేలకి ఏడెనిమిది అంగుళాలు ఉంటే చీపురు హాయిగా తిరుగుతుంది.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మంచం చాలదని పిల్లల్ని నేల మీద చాప వేసి పడుకోబెట్టే ఇళ్లు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. మిరప కోతలకి వచ్చిన కూలీలు షెడ్డులో నేల మీదే పడుకుంటారు. కట్లపాము రాత్రిళ్లే తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు, నిద్రలో తెలియను కూడా తెలియదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. అప్పుడు నాటు మందులు అంటూ కూర్చోకుండా విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆరడుగుల నగిషీ మంచం ఒకటి కొనే డబ్బుతో సాదా మంచాలు రెండు చేయించి, పిల్లల్ని కూడా పైన పడుకోబెట్టొచ్చు. దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపండి. దోమలకీ అదే, పాముకీ అదే. మంచం కింద పురుగుమందు డబ్బాలు పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో చూశాను. దయచేసి తీసెయ్యండి, బయట తాళం వేసి పెట్టుకోండి. రాత్రంతా ఆ వాసన పీల్చేది మనవలు.

సారె మంచం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. మా పక్క ఊళ్లో ఒకాయన కూతురికి ఘనంగా ఆరడుగుల టేకు మంచం చేయించాడు, వడ్డీకి తెచ్చి. పిల్ల కాపురం గుంటూరులో రెండు గదుల అద్దె పోర్షను. మంచం మేడమెట్ల మలుపు దగ్గరే ఆగిపోయింది. ఎత్తి, వంచి, గోడ సున్నం గీకించి చివరికి వెనక్కి తెచ్చారు. ఇప్పుడు వాళ్ల వసారాలో ఉంది, దానిమీద పత్తి బస్తాలు. అప్పు మాత్రం బస్తాల కింద దాక్కోలేదు. గది ఎంత ఉందని వియ్యాలవారిని అడిగితే ఏమనుకుంటారో అని ఆయన సంకోచం. అందులో మొహమాటపడేదేం లేదండి. అల్లుడికి ఫోన్ చేసి "బాబూ, గది లోపలి కొలత, మెట్ల వెడల్పు కొంచెం చూసి చెప్పు" అంటే చెబుతాడు. లేదంటే పిల్లనే అడగండి. "అమ్మా, నీకు మంచం కావాలా, ఆ డబ్బు బ్యాంకులో వెయ్యనా" అని కూడా అడగండి. అద్దె ఇళ్లు మారేవాళ్లకి బోల్టులు విప్పితే పలకలుగా మడిచి తీసుకుపోయే ఐదడుగుల సాదా మంచం ఎంతో మేలు. బంధువులు నాలుగు మాటలు అంటే అంటారు, భోజనాలు చేసి వెళ్లిపోతారు.

మా షెడ్డులో పోయిన శ్రావణంలో కోయించిన వేప పలకలు ఆరుతున్నాయి. ఈ ఎండాకాలం దాటాక మా పిల్లాడికి మంచం చేయిద్దామని. మీ వైపు వేప అడుగు ఎంత పలుకుతోంది, కోత కూలి ఎంత తీసుకుంటున్నారు, కింద రాయండి. మంచి పనిమంతులైన వడ్రంగులు ఉంటే ఏ ఊరో కూడా చెప్పండి.

ఇంకొకటి, కొత్త మంచం వచ్చాక మొదటి వానాకాలం అయిపోగానే ఒకసారి బోల్టులన్నీ పానా పెట్టి బిగించండి. చెక్క తడికి ఉబ్బి, ఎండకి తగ్గి వదులవుతాయి.